పంచ నిషేధాల పాఠశాల

ఫిట్స్ వచ్చిన మనిషి చేతిలో తాళంచెవులు పెట్టకూడదని మా శాఖ కనిపెట్టిన రోజున అందరికంటే ఎక్కువ సంతోషించినవాణ్ణి నేను. ఇప్పటిదాకా నా చేతిలో పెట్టిన తాళంచెవులన్నీ దాచుకుని ఉంటే ఈపాటికి ఒక ఇనుప సామాను కొట్టు పెట్టుకునేవాణ్ణి. బీరువావి పెట్టారు, సైకిలువి పెట్టారు. ఒక పెళ్ళిలో అయితే స్టోరు గది తాళాలగుత్తి పెట్టి, నాకు తెలివొచ్చేదాకా వడ్డన ఆపేశారు. ఉల్లిపాయ చితక్కొట్టి ముక్కులో పిండారు. చెప్పు వాసన చూపించారు. ఎవరి చెప్పో తెలియదు గానీ చాలా దూరం నడిచొచ్చిన చెప్పు. నాలుక కరుచుకుంటానని ఒకాయన నోట్లో చెంచా కుక్కితే ముందుపన్ను అంచు విరిగింది. ఇన్నీ అయ్యాక, "చూశావా, తాళం పెట్టగానే ఎట్టా దిగిపోయిందో" అని వాళ్ళలో వాళ్ళు మెచ్చుకునేవారు. ఫిట్స్ మామూలుగా రెండు మూడు నిమిషాల్లో దానంతటదే తగ్గుతుందని చెప్పే ఓపిక ఆ సమయానికి నాకు ఉండదు.

నా పేరు దైవాధీనం. రాళ్ళవాగుపాడు ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతాను. మాత్రలు వేళకి వేసుకుని, నిద్ర చెడకుండా చూసుకుంటే నా జబ్బు నా జోలికి రాదు. చాలాకాలంగా రాలేదు కూడా. అయినా ఈ బళ్ళో ఎవరికీ చెప్పలేదు. ఇంతకుముందు పనిచేసిన బళ్ళో ఒకసారి పిల్లల ముందే పడిపోయాను. మర్నాటి నుంచి నన్ను క్లాసుకు పంపలేదు. "మీ ఆరోగ్యం దృష్ట్యా" అంటూ గ్రంథాలయం అప్పగించారు. గ్రంథాలయం అంటే ఒక బీరువా. ఆ బీరువా ముందు కుర్చీ వేసుకుని, పక్క గదిలో ఎవరో తప్పుల తడకగా చెబుతున్న త్రికోణమితి వింటూ బదిలీ వచ్చేదాకా గడిపాను. లెక్కల మాస్టారికి అంతకంటే పెద్ద శిక్ష ఇంకొకటి లేదు. ఇక్కడికొచ్చాక నోరు కుట్టేసుకున్నాను.

అందుకే, బడి సిబ్బంది అందరికీ మూర్ఛ ప్రథమ చికిత్సలో శిక్షణ ఇస్తారని సర్క్యులర్ వచ్చినప్పుడు, పైకి మామూలుగా ఉన్నా లోపల గంతులేశాను. ఎప్పుడైనా నేను పడినా ఏం చెయ్యాలో ఈ బళ్ళో నలుగురికి తెలుస్తుంది. నేను నోరు విప్పకుండానే తెలుస్తుంది. ఇంతకంటే ఏం కావాలి?

మా ప్రధానోపాధ్యాయురాలు త్రిపురాంబ గారు ఆ సర్క్యులర్‌ని కళ్ళకద్దుకుని మరీ చదివి వినిపించారు. పైనుంచి వచ్చిన కాగితం మీద టీ ఒలికి ఉంటే ఆ మరకను కూడా అమలు చేసే మనిషి ఆవిడ.

శిక్షణ మండల కేంద్రంలో జరిగింది. శిక్షణ ఇచ్చింది చెన్నకేశవులు గారు. ఆయన హోదా జిల్లా మూర్ఛ ప్రథమ చికిత్సా చైతన్య కార్యక్రమ అమలు, పర్యవేక్షణ ప్రత్యేక నోడల్ అధికారి. మాలో దాన్ని ఒక్క ఊపిరిలో చెప్పగలిగింది వ్యాయామ ఉపాధ్యాయుడు ఖాసింవలి ఒక్కడే. రోజూ విజిల్ ఊదే మనిషి కాబట్టి ఆయనకు సాధ్యమైంది.

"మిత్రులారా, ఇది శిక్షణ కాదు, ఉద్యమం" అన్నారు చెన్నకేశవులు గారు. "మనం మిషన్ మోడ్‌లో వెళ్తున్నాం. మూఢనమ్మకాల పట్ల జీరో టాలరెన్స్!"

పొద్దున్నుంచి భోజనాల దాకా 'చేయకూడనివి' చెప్పారు. తాళాలు, ఇనుము చేతిలో పెట్టకూడదు. ఉల్లిపాయ వాసన చూపించకూడదు. చెప్పు వాసన అసలే చూపించకూడదు. నోట్లో చెంచా, గరిటె పెట్టకూడదు. తెలివి వచ్చేదాకా నోట్లో నీళ్ళు పోయకూడదు. అన్నీ సరైన మాటలే. ఒక్కొక్కటి తెర మీద పడుతుంటే నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. మధ్యాహ్నం 'చేయకూడనివి, లోతైన అవగాహన' అనే పాఠం జరిగింది. తెర మీద ఉల్లిపాయను నిలువుగా కోసి చూపించారు.

సాయంత్రం టీ వచ్చేవేళకు నేను ఉండబట్టలేక లేచాను.

"సార్, ఇవన్నీ చెయ్యకూడదు సరే. మరి చెయ్యాల్సిందేమిటండీ?"

చెన్నకేశవులు గారు నా వైపు జాలిగా చూశారు. "మాస్టారూ, మంచి ప్రశ్న. కానీ తొందరపడ్డారు. చేయవలసినవి రెండో విడతలో వస్తాయి. మొదటి విడత నూటికి నూరు శాతం సాచురేషన్ సాధిస్తే గానీ రెండో విడతకు అనుమతి రాదు."

"ఈలోపు ఎవరికన్నా ఫిట్స్ వస్తే?"

"ఈలోపు రాకుండా చూసుకోవాలి" అన్నారాయన. హాల్లో అందరూ తలలూపారు. ఏం చెయ్యాలో నాకు తెలుసు. చెబుదామంటే ఎలా తెలుసని అడుగుతారు. గ్రంథాలయం బీరువా కళ్ళముందు మెదిలి కూర్చుండిపోయాను.

తర్వాత కొద్దిరోజులకే జిల్లాలో ఎక్కడో ఒక బళ్ళో ఒక పిల్లకు ఫిట్స్ వచ్చిందట. శిక్షణ పొందిన సిబ్బంది అంతా పరుగెత్తుకెళ్ళి, ఇంకేం తెలియక, తాళాలగుత్తే చేతిలో పెట్టారట. చెన్నకేశవులు గారికి ఈ సంగతి తెలిసి అవమానంతో అన్నం సహించలేదని చెప్పుకున్నారు. ఆ ఆకలి మీదే ఆయన అసలు ఉత్తర్వు తయారుచేశారు. వస్తువు ఉన్నంతకాలం దురలవాటు ఉంటుంది. కాబట్టి వస్తువునే తొలగించాలి. హోదాతో నిమిత్తం లేకుండా ప్రతి ఒక్కరూ పాఠశాల ఆవరణలోని నిషేధిత వస్తువులను సంచిలో వేసి, లక్క సీలు వేసి, మండల కార్యాలయంలో డిపాజిట్ చేయాలి. అలా చేసిన బడిని 'పంచ నిషేధాల పాఠశాల'గా ప్రకటిస్తారు.

మొదట తాళాలు వెళ్ళాయి. గేటుది, ఆఫీసు గదిది, బీరువాలవి, ఆఖరికి ఖాసింవలి బంతులు దాచుకునే ట్రంకుపెట్టెది కూడా. త్రిపురాంబ గారు పంపేముందు ఒక్కసారి చెన్నకేశవులు గారికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి మా అందరి ముందే అడిగారు.

"సార్, తాళాలు ఇచ్చేస్తే బడికి దొంగలు పడతారేమోనండీ?"

"మేడం, భద్రత నా పరిధిలోకి రాదు. నా పరిధి మూర్ఛ" అన్నారు ఫోన్లోంచి.

దాంతో రాత్రిపూట కంప్యూటర్లకు కాపలా పడుకునే పని ఉపాధ్యాయుల మీద పడింది. ఒంటరిగా గది తీసుకుని ఉంటున్నవాణ్ణి కాబట్టి నాకు తరచుగా వంతు వచ్చేది. నిద్ర చెడితే నాకు ఏమవుతుందో నాకొక్కడికే తెలుసు. ఆ మాట చెప్పకుండా వంతు తప్పించుకునే దారి కనిపించలేదు. దోమతెర, నీళ్ళసీసా పట్టుకుని వెళ్ళేవాణ్ణి. భయం వేసేది. నిజంగానే వేసేది.

తర్వాత వంతు వంటగదిది. మధ్యాహ్న భోజనం వండే రత్తమ్మ దగ్గర ఉల్లిపాయల బస్తా, గరిటెలు పట్టుకుపోతుంటే ఆవిడ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఉల్లిగడ్డ లేకుండా సాంబారు ఎట్టా పెట్టేది మేడం? దాన్ని సాంబారనరు, ఏణ్ణీళ్ళంటారు!"

"ఉత్తర్వు, రత్తమ్మా."

"గరిటె కూడానా? మరి కలిపేది దేంతో, నా చేత్తోనా?"

"చెయ్యి నిషేధిత వస్తువుల్లో లేదు" అన్నారు త్రిపురాంబ గారు, కాగితం మళ్ళీ ఒకసారి చూసి.

చివరికి సాంబారుని చెంబుతో ముంచి పోశారు. పిల్లలు పళ్ళాల్లోకి చూసి, రత్తమ్మ ముఖంలోకి చూసి, తలొంచుకుని తిన్నారు. ఆ తర్వాత చెప్పులు. గేటు బయట అందరూ విప్పేసి లోపలికి రావాలి. మా ఆటస్థలంలో పల్లేరుకాయలు దండిగా ఉంటాయి. ప్రార్థన సమయంలో బడి మొత్తం ఒంటికాలి మీద నిలబడి రెండో కాలికి గుచ్చుకున్నవి పీక్కునేది. అటుగా పోయే రైతులు చూసి, ఏదో యోగాసనం నేర్పుతున్నారని సంతోషించారు.

ఇక మిగిలింది నీళ్ళు. కుళాయిలు పీకెయ్యాలా అని త్రిపురాంబ గారు అడిగితే, ఆ విషయం పరిశీలనలో ఉందని జవాబు వచ్చింది. పిల్లలు పరిశీలన పూర్తయ్యేలోపు తాగుదామని సీసాలు నింపి పెట్టుకున్నారు.

మా బడి అన్నిట్లో ముందుంది కాబట్టి ప్రకటన చేయడానికి చెన్నకేశవులు గారే స్వయంగా వచ్చారు. వరండాలో ఫ్లెక్సీ కట్టాం. దాని మీద ఉల్లిపాయ, తాళం, గరిటె, చెప్పు, నీటిచుక్క బొమ్మలు, వాటిమీద ఎర్రటి ఇంటూ మార్కులు, పక్కన ఆయన నవ్వుతున్న ఫొటో. దానిమీద ఇంటూ లేదు. ఆయన చెప్పులు గేటు దగ్గరే విప్పి, పల్లేరుకాయల మీదుగా చాలా గంభీరంగా నడిచొచ్చారు.

ముందురాత్రి కాపలా నాదే. కంటిమీద కునుకు లేదు. త్రిపురాంబ గారు స్వాగతం చెబుతున్నారు, టీపాయి మీద పళ్ళెంలో శాలువా ఉంది. కడుపులోంచి ఏదో పైకి పాకినట్టయింది. అది నాకు పాత పరిచయం. అయ్యో, ఇప్పుడా, ఇందరి ముందా అనుకున్నాను. కుర్చీ పట్టుకోబోయాను.

ఆ తర్వాత కాసేపు ఈ కథలో నేను లేను. జరిగింది ఖాసింవలి చెప్పినదే. ఆయన ఏదైనా కాస్త పెంచి చెప్పే మనిషే గానీ, ఇందులో పెంచడానికి ఖాళీ లేదు.

నేను పడగానే అందరూ అలవాటు ప్రకారం జేబులు తడుముకున్నారట. తాళాల్లేవు. ఒకరు వంటగదికి పరుగెత్తారు. ఉల్లిపాయల్లేవు, గరిటెల్లేవు. ఇంకొకరు కాళ్ళవైపు చూసుకున్నారు. చెప్పుల్లేవు. చెయ్యడానికి ఏమీ లేక అందరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. నా తల గచ్చుకు కొట్టుకుంటుంటే త్రిపురాంబ గారు చూడలేక శాలువా తీసి మడిచి నా తల కింద పెట్టారు. ఆ పని ఆవిడకు ఏ సర్క్యులరూ చెప్పలేదు.

"ఫొటో! ఫొటో!" అని అరిచారట చెన్నకేశవులు గారు. "ఉత్తర్వు వచ్చాక జిల్లాలో ఇదే మొదటి కేసు! మన కార్యక్రమం యాప్‌లో ఎక్కించండి!"

ఖాసింవలి ఫోన్ తీశాడు. యాప్ ఒప్పుకోలేదు. లబ్ధిదారుడి ముఖం కనిపించాలంది.

"ముఖం కనపడేట్టు పక్కకి తిప్పండయ్యా!"

ఇద్దరు పట్టి మెల్లిగా పక్కకి తిప్పారు. నోట్లో నురుగు బయటికి జారిపోయి నాకు ఊపిరి తేలికగా ఆడింది. పక్కకి తిప్పడమే ప్రథమ చికిత్సలో ముఖ్యమైన పని. ఆ విధంగా నా ప్రాణం కాపాడిన ఘనత ఆ యాప్‌కే దక్కాలి. అప్పుడు యాప్ ఇంకోటి అడిగింది. "దయచేసి రెప్ప వేయండి." నేను వెయ్యలేదు. ఫొటో ఎక్కలేదు.

అంతలో నా ఒళ్ళు మరీ బిగుసుకోవడం చూసి చెన్నకేశవులు గారి ధైర్యం జారిపోయింది. ఏళ్ళ తరబడి ఆయన ఒంట్లో ఉన్నది ఒక్కసారిగా బయటికొచ్చింది. తన కారు తాళంచెవి తీసి, వంగి, నా గుప్పిట్లో దూర్చేశారు.



"సార్" అన్నారు త్రిపురాంబ గారు. "అది నిషేధిత వస్తువండీ."

"మేడం, ఇది ఎమర్జెన్సీ!"

"ఎమర్జెన్సీకే కదండీ నిషేధం. మామూలప్పుడు తాళంచెవి ఎవరి చేతిలో ఉంటే ఏముంది?"

"నేను జారీచేసే అధికారిని. నాకు వర్తించదు."

"హోదాతో నిమిత్తం లేకుండా అని మీరే వేశారండీ. మూడో పేరా."

"ఆ పేరా కింది స్థాయికి!"

"స్థాయి అని లేదండీ. హోదా అని ఉంది."

ఇలా మూడో పేరా నుంచి ఐదో పేరాకు, అక్కడి నుంచి అనుబంధానికి వెళ్ళారట. వాళ్ళిద్దరూ అనుబంధంలో ఉండగానే నా కుదుపులు ఆగిపోయాయి. ఫిట్స్ వచ్చినప్పుడు అది దానంతటదే తగ్గేదాకా పక్కనున్నవాళ్ళు కాసేపు ఆగాలి. ఆ కాసేపూ ఆగడానికి అధికారుల మధ్య వాదన ఎంత బాగా పనికొస్తుందో వైద్యులు ఇంకా గుర్తించినట్టు లేదు.

నాకు తెలివొచ్చేసరికి తల కింద మెత్తగా ఉంది. పళ్ళన్నీ ఉన్నాయి. ముక్కులో ఉల్లివాసన లేదు. స్వర్గమేమో అనుకున్నాను గానీ ఫ్లెక్సీలో చెన్నకేశవులు గారి ఫొటో కనిపించింది. త్రిపురాంబ గారు నా గుప్పిట మెల్లిగా విప్పి తాళంచెవి తీసుకున్నారు. దాన్ని సంచిలో వేశారు. కొవ్వొత్తి వెలిగించి లక్క కరిగించి, సీలు వేశారు. అప్పుడు నా వైపు తిరిగి, "పడుకోండి మాస్టారూ, లేవకండి" అన్నారు.

పడుకునే విన్నాను తర్వాతి సంభాషణ.

చెన్నకేశవులు గారు తేరుకుని, గొంతు సవరించుకున్నారు. "చూశారా మేడం, మన విధానంలో ఒక లోపం మిగిలిపోయింది. తాళాలు తీసేశాం, గరిటెలు తీసేశాం, ఉల్లిపాయలు తీసేశాం. అయినా ఫిట్స్ వచ్చింది. ఎందుకొచ్చింది? రూట్ కాజ్ ఆవరణలోనే ఉంది!" ఆయన వేలు నా వైపు తిరిగింది. "ఈ మాస్టారిని కూడా మండల కార్యాలయంలో డిపాజిట్ చెయ్యండి. అక్కడ ఏదో ఒక బీరువా చూసుకుంటారు."

బీరువా అనే మాట వినగానే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఇన్నాళ్ళు దేన్ని దాచానో అది అందరి ముందూ గచ్చు మీద పడి ఉంది. ఇక నా చేతికి సుద్దముక్క ఇవ్వరు. పదో తరగతికి ఇంకా వృత్తాలు చెప్పలేదు. లేచి బతిమాలుకుందామంటే నాలుక తిరగడం లేదు. త్రిపురాంబ గారు ఏనాడూ పై మాట జవదాటలేదు. ఇంక సంచి వెతుకుతారనుకున్నాను.

"తాళాలడిగారు, ఇచ్చానండీ" అన్నారావిడ. "గరిటెలడిగారు, ఇచ్చాను. పిల్లలు ముళ్ళ మీద నడిచారు, ఊరుకున్నాను. మనిషిని ఇవ్వనండీ."

"మేడం, ఇది ఉత్తర్వు!"

"ఉత్తర్వేగా. ఇవ్వనంటున్నా."

వెనకాల రత్తమ్మ "అద్దీ!" అంది గట్టిగా. ఖాసింవలి అలవాటు కొద్దీ విజిల్ నోట్లో పెట్టుకుని, మళ్ళీ తీసేశాడు.

చెన్నకేశవులు గారు ముఖం ఎర్రగా చేసుకుని, క్రమశిక్షణా చర్య అని ఒకటి రెండుసార్లు అని, గబగబా మెట్లు దిగారు. గేటు దాకా ముళ్ళ మీద నడిచి, చెప్పులేసుకుని, కారు దగ్గరికెళ్ళి, జేబు తడుముకుని, మళ్ళీ చెప్పులు విప్పి, మళ్ళీ ముళ్ళ మీద వెనక్కొచ్చారు.

"తాళంచెవి" అన్నారు.

"డిపాజిట్ అయిందండీ" అన్నారు త్రిపురాంబ గారు. "డిపాజిట్ అయిన వస్తువు విడుదల చెయ్యాలంటే నోడల్ అధికారి ఉత్తర్వు కావాలి."

"నోడల్ అధికారిని నేనేనమ్మా!"

"ఆఫీసు సీలు కూడా కావాలండీ."

"సీలు ఒంగోల్లో ఉంది! వెళ్ళాలంటే కారు కావాలి!"

"బస్సుంటుందండీ సాయంత్రం" అన్నారావిడ మర్యాదగా. "ఇంకో దారి కూడా ఉంది. విడుదలకైతే సీలు కావాలి. మొత్తం ఉత్తర్వు రద్దు చెయ్యడానికి మాత్రం సంతకం చాలు. మీరు అలాగే రాశారు" అన్నారు.

ఆయన ఎండలో కారు వైపు చూశారు, ముళ్ళ వైపు చూశారు, తన అరికాళ్ళ వైపు చూశారు. డిపాజిట్ ఉత్తర్వు రద్దు చేస్తూ వరండాలోనే సంతకం పెట్టారు. ఉత్తర్వే లేకపోయాక నన్ను దేనికింద డిపాజిట్ చేస్తారు? ఆ సంగతి ఆయనకు సంతకం ఎండేలోపు అర్థమైంది గానీ, అప్పటికే త్రిపురాంబ గారు కాగితం మడిచి జాకెట్లో దోపుకున్నారు. రత్తమ్మ ఉల్లిపాయలు తెచ్చుకోవడానికి మండల కార్యాలయానికి ఆటో మాట్లాడుతోంది.

చెన్నకేశవులు గారు తాళంచెవి తీసుకుని, వెళ్ళేముందు నా దగ్గరకొచ్చి గొంతుక్కూర్చున్నారు. ఎవరూ వినడం లేదని చూసుకుని గొంతు బాగా తగ్గించారు. "మాస్టారూ, ఏమనుకోవద్దు. అసలు ఇలా అయినప్పుడు ఏం చెయ్యాలి?"

పాపం, ఆయనకు కూడా ఎవరూ చెప్పలేదు. రెండో విడత ఆయనదాకా రాలేదు.

"చుట్టుపక్కల తగిలేవి తీసేసి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి. పక్కకి తిప్పండి. గట్టిగా పట్టుకుని అదమొద్దు. గడియారం చూస్తూ పక్కన కూర్చోండి. ఐదు నిమిషాలు దాటితే, లేదా వెంటనే మళ్ళీ వస్తే, అంబులెన్సుకి ఫోన్ చెయ్యండి."

"అంతేనా?"

"అంతేనండీ."

ఆయన నిజంగా బాధపడ్డారు. "అర పేజీ కూడా రాదు కదండీ. దీనికి విడత ఎలా పెట్టమంటారు?"

మర్నాడు బాగా నిద్రపోయి లేచి బడికి వెళ్ళాను. పదో తరగతిలో బోర్డు తుడిచి ఆ అర పేజీ నేనే రాశాను. అన్నిటికంటే పైన 'మీ లెక్కల మాస్టారికి ఫిట్స్ వస్తాయి' అని రాశాను. ఇన్నాళ్ళు దాచిన మాట సుద్దముక్కతో రాయడానికి ఇంత తేలికని తెలియకపోయింది. పిల్లలు నా వైపు చూశారు, బోర్డు వైపు చూశారు, నోటుపుస్తకాలు తీసి బుద్ధిగా ఎక్కించుకున్నారు. ఎవరూ బెంచీ వెనక్కి జరపలేదు.

వెనక బెంచీలోంచి ఒక పిల్ల లేచింది. "సార్, ఇది పరీక్షకొస్తుందా?"

"ఇదే పరీక్ష" అన్నాను. "తేదీ మాత్రం నాకూ తెలియదు. అందరూ బాగా చదువుకోండి."

తర్వాత వృత్తాలు మొదలుపెట్టాను.